మట్టిలోని లోహం ఎప్పుడు కదులుతుంది?

ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో షిప్‌హామ్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ జింకు ఖనిజాన్ని తవ్వి తీసేవారు. గనులు మూతబడి వందేళ్లు దాటిన తర్వాత, 1979 ప్రాంతంలో, ఆ ఊరి పెరళ్లలో మట్టిని పరీక్షించినప్పుడు కిలో మట్టికి వంద మిల్లీగ్రాములకు అటూఇటుగా కాడ్మియం ఉన్నట్టు తేలింది. కొన్నిచోట్ల అది మూడు వందలు కూడా దాటింది. కలుషితం కాని మామూలు నేలలో కాడ్మియం సాధారణంగా ఒక మిల్లీగ్రాముకు లోపే ఉంటుంది కాబట్టి ఆ అంకెలు చూసినవారు భయపడటంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆ పెరళ్లలో పండిన కూరగాయలు తిన్నవారి ఆరోగ్యాన్ని పరిశీలించినప్పుడు, ఆ అంకెలకు తగినంత తీవ్రమైన జబ్బు ఏదీ బయటపడలేదు.

ఇప్పుడు జపాన్‌లోని తొయామా ప్రాంతానికి వెళ్దాం. అక్కడి జింజూ నది ఎగువన కమియోకా అనే గని ఉంది. గని వ్యర్థాలు కలిసిన ఆ నీటితోనే దిగువన వరి పండించేవారు. ఆ పొలాల మట్టిలో కాడ్మియం కిలోకు కొద్ది మిల్లీగ్రాములే, అంటే షిప్‌హామ్‌తో పోలిస్తే పదుల రెట్లు తక్కువ. కానీ అక్కడి బియ్యం తిన్నవారికి, ముఖ్యంగా ఎక్కువ కాన్పులైన, వయసు మీరిన స్త్రీలకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఎముకలు మెత్తబడి చిన్న కదలికకే విరిగిపోయాయి. నొప్పితో వారు పెట్టిన కేకే ఆ జబ్బుకు పేరయింది: ఇతాయ్-ఇతాయ్, అంటే ‘నొప్పి, నొప్పి’. ఆ జబ్బు కాలుష్యం వల్ల వచ్చిందేనని జపాన్ ప్రభుత్వం 1968లో అంగీకరించింది.

మోతాదు ఎక్కువున్న చోట కీడు తక్కువ, మోతాదు తక్కువున్న చోట కీడు ఎక్కువ. ఈ రెండు ఊళ్ల మధ్య ఆహారంలోనూ పోషణలోనూ తేడాలున్న మాట నిజమే. జింజూ తీరంలో మూడు పూటలా ఆ నేలలో పండిన అన్నమే తిన్నారు. ఇనుము, కాల్షియం చాలని శరీరం కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. కానీ అసలు తేడా మట్టిలోనే మొదలైంది. షిప్‌హామ్ మట్టిలో కాడ్మియం ఉంది కానీ కదలలేదు. జింజూ మట్టిలో ఉన్నది కొంచెమే అయినా కదిలి గింజలోకి చేరింది. నేల కాలుష్యం గురించి వచ్చే వార్తల్లో దాదాపు ఎప్పుడూ ‘ఎంత ఉంది’ అన్న అంకె ఒక్కటే కనిపిస్తుంది. ఆ అంకె అవసరమే. అయితే ఉన్నదానిలో ఎంత భాగం కదలగలదో, ఏ పరిస్థితిలో కదులుతుందో తెలియకుండా ఆ అంకెను చూసి భయపడటమూ కుదరదు, నిశ్చింతగా ఉండటమూ కుదరదు.

‘భారలోహం’ అన్న మాట

సీసం, కాడ్మియం, పాదరసం, రాగి, జింకు, నికెల్, క్రోమియం వంటివాటిని కలిపి భారలోహాలు అంటున్నాం. నిజానికి లోహం కాని ఆర్సెనిక్‌ను కూడా ఈ జాబితాలో చేర్చడం వాడుక అయిపోయింది. ఈ మాటకు కచ్చితమైన శాస్త్రీయ నిర్వచనం లేదని, కొందరు సాంద్రతను బట్టి, కొందరు పరమాణు భారాన్ని బట్టి, మరికొందరు విషగుణాన్ని బట్టి వాడుతున్నారని 2002లో అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య తరఫున జాన్ డఫస్ రాసిన నివేదిక ఎత్తిచూపింది. ఆ విమర్శ సరైనదేనని నా అభిప్రాయం. ఒకే పేరు కింద ఉన్న ఈ మూలకాలు మట్టిలో ఒకే రకంగా ప్రవర్తించవు. అందరికీ ఒకే మందు అనుకోవడం వల్ల జరిగిన నష్టం ఏమిటో ముందుముందు చూస్తాం. అయినా వాడుకలో పాతుకుపోయిన మాట కాబట్టి ఇక్కడా అదే వాడుతున్నాను.

ఇవి నేలలోకి వచ్చే దారులు చాలా ఉన్నాయి. గనులు, లోహం కరిగించే కొలిమిలు, బ్యాటరీ పరిశ్రమలు, మురుగు శుద్ధి కేంద్రాల బురద, ద్రాక్ష తోటల్లో 1885 నుంచి వాడుతున్న బోర్డో మిశ్రమంలోని రాగి, 1920ల నుంచి పెట్రోలులో కలిపిన సీసం అందరికీ తెలిసినవే. సీసం కలిపిన పెట్రోలును బంకుల్లో అమ్మడం ప్రపంచమంతటా ఆగింది 2021లో, అల్జీరియా మానేసిన తర్వాతే. అంతగా తెలియనిది ఫాస్ఫేట్ ఎరువుల దారి: ముడి ఫాస్ఫేట్ రాయిలో సహజంగా ఉండే కాడ్మియం ఎరువుతో పాటు ఏటేటా పొలంలోకి చేరుతుంది. ఐరోపా సమాఖ్య 2022 నుంచి ఇలాంటి ఎరువుల్లో ప్రతి కిలో ఫాస్ఫరస్ పెంటాక్సైడుకు 60 మిల్లీగ్రాములకు మించి కాడ్మియం ఉండకూడదని పరిమితి విధించింది. పురుగుమందుల అణువును సూక్ష్మజీవులు ఎప్పటికైనా విరగ్గొడతాయి. లోహం మూలకం కాబట్టి దాన్ని విరగ్గొట్టేది ఏదీ లేదు. రూపం మారుతుంది, చోటు మారుతుంది, అంతే.

మట్టిరేణువు పట్టు

చెమ్మగా ఉన్న మట్టిలో రేణువుల మధ్య పలుచని నీటి పొర ఉంటుంది. మొక్క వేరు తాగేది, భూగర్భజలంలోకి దిగేది ఆ నీరే. మట్టిలోని మొత్తం లోహంలో ఆ నీటిలో కరిగి ఉండేది సాధారణంగా అతి స్వల్ప భాగం. మిగిలినదంతా ఘనపదార్థాన్ని ఏదో ఒక రకంగా పట్టుకుని ఉంటుంది, ఆ పట్టు బిగువులో చాలా తేడాలున్నాయి. బంకమన్ను రేణువు ఉపరితలం మీద ఋణావేశం ఉంటుంది. ధనావేశం గల కాడ్మియం, జింకు, సీసం అయాన్లు దానికి అతుక్కుంటాయి. ఈ అతుకు వదులైనది. కాల్షియమో మరొకటో ఎక్కువగా వస్తే ఇది లేచి దానికి చోటిస్తుంది. సున్నపు నేలల్లో లోహం కార్బొనేట్‌తో కలిసి గట్టిపడుతుంది. మట్టికి ఎర్రని, పసుపుపచ్చని రంగునిచ్చే ఇనుము ఆక్సైడ్లు, నల్లని మాంగనీసు ఆక్సైడ్లు లోహాలను రసాయన బంధంతో పట్టుకుంటాయి. కుళ్లిన ఆకూ అలమతో తయారైన హ్యూమస్ రాగినీ సీసాన్నీ మరీ గట్టిగా పట్టుకుంటుంది. ఇక రాతిఖనిజం స్ఫటికం లోపలే బందీగా ఉన్న లోహం, రాయి శిథిలమైతే తప్ప, మనుషుల కాలమానంలో బయటకు రాదు.

ఈ పట్టులను వేరుచేసి చూసే పద్ధతిని 1979లో టెస్సియర్, ఆయన సహచరులు రూపొందించారు. దాన్ని దగ్గరగా చూస్తే విషయం బాగా బోధపడుతుంది. ఒక్క గ్రాము ఎండు మట్టిని పరీక్ష గొట్టంలో తీసుకుని ముందుగా మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం పోసి గంటసేపు కుదిపితే వదులుగా అతుక్కున్న లోహం నీటిలోకి వస్తుంది. గొట్టాన్ని వేగంగా తిప్పి, పైన తేరిన ద్రవాన్ని వంపి, అడుగున మిగిలిన మట్టి మీద కొద్దిగా ఆమ్లగుణం ఉన్న అసిటేట్ ద్రావణం పోస్తే కార్బొనేట్‌తో ఉన్నది విడివడుతుంది. తర్వాత హైడ్రాక్సిలమీన్ పోసి 96 డిగ్రీల దగ్గర ఆరు గంటలు వేడిచేస్తే ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లు కరిగి తమతో ఉన్నదాన్ని వదులుతాయి. ఎర్రగా ఉన్న మట్టి ఈ దశలో వెలిసి బూడిదరంగుకు తిరుగుతుంది. ఆపై హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురుగు లేస్తూ సేంద్రియ పదార్థం కాలిపోతుంది. చివరికి అడుగున మిగిలేది ఇసుకలాంటి పాలిపోయిన పొడి. హైడ్రోఫ్లోరిక్ వంటి ఘోరమైన ఆమ్లానికి గానీ అది లొంగదు. ఈ భాగాలు మనం అనుకున్నంత శుభ్రంగా విడిపోవని, ఒక దశలో విడివడిన లోహం మరో రేణువుకు మళ్లీ అతుక్కోవచ్చని తర్వాతి పరిశోధకులు సరిగానే విమర్శించారు. అయినా ఒకే మొత్తం లోహమున్న రెండు మట్టుల్లో ఒకదాని లోహం మొదటి గొట్టంలోనే బయటపడి, రెండోదాని లోహం చివరి పొడిలో మిగిలితే, ఆ రెండు నేలలనూ ఒకే గాటన కట్టలేమని ఈ పరీక్ష కళ్లకు కట్టిస్తుంది.

పట్టు సడలించే పులుపు

ఈ పట్టును సడలించేవాటిలో మొదటిది నేల పులుపు, అంటే ఆమ్లత్వం. దాన్ని కొలిచే కొలమానం పీహెచ్: 7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు. పీహెచ్ ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. అవి బంకమన్ను మీద, హ్యూమస్ మీద, ఆక్సైడ్ల మీద లోహం కూర్చున్న చోటును ఆక్రమిస్తాయి, కార్బొనేట్‌ను కరిగిస్తాయి. పీహెచ్ 7కు పైనున్న నేలలో కాడ్మియం, జింకు, నికెల్ చాలావరకు కదలకుండా పడి ఉంటాయి. 5కు దిగిన నేలలో అవే లోహాలు నీటిలోకి దిగుతాయి. సీసానికీ రాగికీ హ్యూమస్ పట్టు గట్టిది కాబట్టి అవి ఇంకా పులిసిన తర్వాత గానీ వదలవు. షిప్‌హామ్ నేల సున్నపు నేల, పీహెచ్ 7కు పైన. పైగా అక్కడ కాడ్మియానికి ఎన్నో రెట్లు జింకు కూడా ఉంది. వేరులోకి వెళ్లే ద్వారం దగ్గర ఆ రెండూ పోటీపడితే జింకుదే పైచేయి అవుతుంది.

నేల పులుపు స్థిరంగా ఉండేది కాదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో గీస్‌క్రాఫ్ట్ అనే పొలాన్ని 1880లలో సాగు మానేసి వదిలేశారు. మనిషి చెయ్యి పడకపోవడంతో అది క్రమంగా అడవిగా మారింది. 1883లో 7.1 ఉన్న పైమట్టి పీహెచ్ 1983 నాటికి 4.2కు పడిపోయింది. పొలంగా ఉన్నంతకాలం సున్నం వేసేవారు, అది ఆగింది. చెట్ల ఆకులు, వానలో కలిసివచ్చిన పారిశ్రామిక ఆమ్లాలు నేలను పులియబెట్టాయి. ఎవరూ కొత్తగా ఒక్క గ్రాము లోహం వేయకపోయినా పాత లోహం కదలడానికి ఇది చాలు. విలియం స్టిగ్లియాని వంటి పరిశోధకులు దీన్నే ‘రసాయన టైంబాంబు’ అన్నారు. లోహం పడిన కలుషిత పొలాన్ని సాగు మాన్పించి అడవిగా వదిలేయడం క్షేమమని మనకు అనిపిస్తుంది, కానీ సున్నం ఆపితే జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం కావచ్చు.

నీరు నిలిచిన మడి

ఇప్పటిదాకా చెప్పినది ధనావేశం గల లోహాల సంగతి. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ గల క్రోమియం మట్టిలో ఆక్సిజన్‌తో కలిసి ఋణావేశ అయాన్లుగా ఉంటాయి కనుక వాటి తీరు తలకిందులు. పీహెచ్ పెరిగేకొద్దీ మట్టిరేణువు ఉపరితలం మీద ఋణావేశం పెరిగి, వాటిని తనకు దూరంగా నెడుతుంది. కాబట్టి కాడ్మియాన్ని అణచడానికి వేసిన సున్నమే పక్కనున్న ఆర్సెనిక్‌ను లేపగలదు.

ఈ వైరుధ్యం వరి మడిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. మడిలో నీరు నిలిచిన కొద్దిరోజులకే మట్టిలోని గాలి అయిపోతుంది. ఊపిరికి ఆక్సిజన్ దొరకని సూక్ష్మజీవులు వరసగా నైట్రేట్‌ను, మాంగనీసు ఆక్సైడ్లను, ఇనుము ఆక్సైడ్లను, చివరికి సల్ఫేట్‌ను వాడుకోవడం మొదలుపెడతాయి. ఇనుము ఆక్సైడ్ కరిగితే అది పట్టుకున్న ఆర్సెనిక్ విడుదలవుతుంది, పైగా మరింత తేలికగా కదిలే ఆర్సెనైట్ రూపంలోకి మారుతుంది. సల్ఫేట్ నుంచి పుట్టిన సల్ఫైడ్ మాత్రం కాడ్మియంతో కలిసి దాదాపు కరగని కాడ్మియం సల్ఫైడుగా పేరుకుంటుంది. నీరు తీసేసి మడిని ఆరబెడితే అంతా తిరగబడుతుంది: ఆర్సెనిక్ మళ్లీ ఇనుముకు అతుక్కుంటుంది, సల్ఫైడ్ గాలి తగిలి ఆక్సీకరణ చెంది, ఆమ్లాన్ని పుట్టిస్తూ, కాడ్మియాన్ని వదిలేస్తుంది.

నీటి మడిలోంచి వరి దుబ్బును పీకి వేళ్లను కడిగి చూస్తే ఈ రసాయన శాస్త్రమంతా కంటికే కనిపిస్తుంది. బురద నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. ఆ నలుపు ఇనుము సల్ఫైడుది, ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడుది. వేళ్ల మీద మాత్రం ఎంత కడిగినా పోని తుప్పురంగు పూత ఉంటుంది. వరి తన కాండంలోని గాలి గొట్టాల ద్వారా వేళ్లకు ఆక్సిజన్ పంపుతుంది. అది వేరు నుంచి బయటకు ఊరి, బురదలో కరిగిన ఇనుమును వేరు మీదే తుప్పుగా మారుస్తుంది. ఆ పూత ఆర్సెనిక్‌ను చాలావరకు పట్టి ఆపుతుంది. తప్పించుకున్న ఆర్సెనైట్, వరి సిలికాను తీసుకోవడానికి పెట్టుకున్న ద్వారంలోంచే లోపలికి జొరబడుతుంది. కాడ్మియం వచ్చేది మాంగనీసు కోసం ఉన్న ద్వారంలోంచి. మొక్కకు వీటితో పని లేదు. తనకు కావలసినవాటిని పోలి ఉండటం వల్ల అవి లోపలికి వస్తున్నాయి.

జింజూ చిక్కుముడి ఇక్కడ విడిపోతుంది. కోతకు ముందు మడిలో నీరు తీసేయడం అన్నిచోట్లా ఉన్న పద్ధతే. గింజ పాలుపోసుకుని గట్టిపడే ఆ వారాల్లోనే మట్టి ఆరి, పులిసి, అప్పటిదాకా సల్ఫైడుగా బందీ అయిన కాడ్మియం విడుదలై గింజలోకి చేరింది. కంకి గట్టిపడేదాకా నీరు నిలిపి ఉంచితే కాడ్మియం తగ్గుతుంది. కానీ ఆర్సెనిక్ ఉన్న నేలలో అదే పని చేస్తే ఆర్సెనిక్ పెరుగుతుంది. రెండూ ఉన్న నేలలో రైతుకు మిగిలేది ఇరుకు దారి. ఆ దారి ఏ పొలంలో ఎక్కడుందో తెలియాలంటే ఆ పొలం మట్టినీ గింజనూ పరీక్షించడం తప్ప అడ్డదారి లేదు.

ఇంకో రెండు కారణాలను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. ఉప్పు నీటితో తడిసే నేలల్లో క్లోరైడ్ కాడ్మియంతో కలిసి నీటిలో తేలికగా తిరిగే జంటగా మారుతుంది. అందువల్ల పీహెచ్ బాగానే ఉన్నా పంటలోకి కాడ్మియం ఎక్కువ చేరుతుంది. సేంద్రియ పదార్థానిది రెండు వైపులా పదునున్న పాత్ర: ఘనరూపంలోని హ్యూమస్ రాగిని పట్టి ఉంచుతుంది, నీటిలో కరిగిన సేంద్రియ అణువులు అదే రాగిని తమతో కిందికి తీసుకుపోతాయి.

కరగకుండానే కదిలే సీసం

కదలిక అంటే కరగడమొక్కటే కాదు. సీసం మట్టి నీటిలో కరగడానికి మొరాయిస్తుంది, పంటలోకీ తక్కువగానే వెళ్తుంది. అందుకే దశాబ్దాల నాటి సీసం కూడా పైమట్టి పది ఇరవై సెంటీమీటర్లలోనే దొరుకుతుంది. పైన ఉండటమే దాని ప్రమాదం. దుమ్ముగా లేచి, చేతికి అంటి, నేల మీద పాకే పిల్లల నోట్లోకి వెళ్తుంది. మట్టిలో కరగని సీసం జీర్ణాశయంలోని ఆమ్లంలో కరుగుతుంది. 2010లో నైజీరియాలోని జంఫారా రాష్ట్రంలో, సీసం కలిసిన బంగారు ఖనిజాన్ని ఇళ్ల దగ్గర పొడిచేయడం వల్ల లేచిన దుమ్ముతో నాలుగు వందల మందికి పైగా పిల్లలు చనిపోయారు. భూగర్భజలం శుభ్రంగా ఉందన్న నివేదిక అలాంటి చోట ఏ తల్లికీ భరోసా కాలేదు. కాబట్టి కదలికను కొలిచే ముందు, ఏ దారిలో ఎవరి దగ్గరికి కదలిక అన్నది తేల్చుకోవాలి.

అణచడం, తీయడం

లోహాన్ని విరగ్గొట్టలేం కనుక చేయగలిగినవి రెండే: ఉన్నచోటే కదలకుండా అణచడం, లేదా బయటకు తీయడం. అణచడానికి సున్నం, ఫాస్ఫేట్, ఇనుము ఆక్సైడ్లు, బొగ్గులా కాల్చిన జీవపదార్థం వాడతారు. వీటిలో ఫాస్ఫేట్ కథ హెచ్చరిక లాంటిది. సీసం ఫాస్ఫేట్‌తో, క్లోరైడ్‌తో కలిస్తే పైరోమార్ఫైట్ అనే, అత్యంత కష్టంగా కరిగే ఖనిజం ఏర్పడుతుంది. సీసం ఒక్కటే ఉన్న నేలకు అది మంచి మందు. కానీ అమెరికాలో పాత ఆపిల్ తోటల్లో 1890ల నుంచి దశాబ్దాలపాటు పురుగులకు లెడ్ ఆర్సినేట్ చల్లారు. ఆ మట్టిలో సీసమూ ఆర్సెనిక్కూ రెండూ ఉన్నాయి. ఫాస్ఫేట్‌కూ ఆర్సినేట్‌కూ రసాయనికంగా కవలల పోలిక. ఫాస్ఫేట్ వేస్తే సీసం అణగుతుంది గానీ ఇనుము ఆక్సైడ్ మీద ఆర్సెనిక్ కూర్చున్న చోటును ఫాస్ఫేట్ లాక్కుంటుంది, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. అందరికీ ఒకే మందు పనికిరాదని ముందు అన్నది ఇందుకే.

తీయడంలో అందరినీ ఆకర్షించేది మొక్కల దారి. కొన్ని మొక్కలు లోహాన్ని ఆశ్చర్యపోయేంతగా పోగుచేసుకుంటాయి: న్యూ కాలెడోనియా దీవిలోని ఒక చెట్టు పాలు నికెల్ వల్ల నీలిపచ్చగా ఉంటాయి, టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ ఆర్సెనిక్‌ను ఆకుల్లో దాచుకుంటుందని 2001లో ఫ్లోరిడా పరిశోధకులు కనుగొన్నారు. అయితే ఇలాంటి మొక్కలు చాలావరకు చిన్నవి, నిదానంగా పెరిగేవి. గట్టిగా కలుషితమైన నేలకు దశాబ్దాలు పడుతుంది. ఆ ఓపిక లేక, ఈడీటీఏ వంటి రసాయనం పోసి లోహాన్ని కరిగించి మొక్క చేత తాగించాలని 1990లలో చాలా ప్రయత్నాలు జరిగాయి. కరిగిన లోహంలో మొక్క తాగేది కొంతే. మిగిలింది వానతో భూగర్భజలం వైపు దిగుతుంది. మంచి ఉద్దేశంతోనే అయినా, కదలని లోహాన్ని చేజేతులా కదిలించడమే అది.

మట్టిని ఎత్తిపోయడం ఖర్చైన పని, అయినా కొన్నిచోట్ల తప్పదు. స్పెయిన్‌లోని అజ్నాల్కొల్లార్ గని వ్యర్థాల కట్ట 1998 ఏప్రిల్ 25న తెగి, గ్వాదియమార్ నది వెంట వేల హెక్టార్లు నల్లని బురదతో నిండాయి. ఆ బురదలోని పైరైట్ అనే ఇనుము సల్ఫైడ్ ఖనిజం గాలి తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లమవుతుంది. అందుకే వానాకాలం రాకముందే దాన్ని ఎత్తేయడానికి యంత్రాలు రాత్రింబగళ్లు పనిచేశాయి. ఎత్తగా మిగిలిన బురద మట్టిలో కలిసిన చోట్ల తర్వాతి ఏళ్లలో నేల పులిసి, సున్నం మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చింది. జింజూ తీరంలో శుభ్రమైన మట్టిని పరిచి పొలాలను బాగుచేసే పని 2012 దాకా, మూడు దశాబ్దాలకు పైగా సాగింది.

నివేదికలో చూడవలసినవి

మట్టి పరీక్ష నివేదిక చేతికి వచ్చినప్పుడు మొత్తం లోహం అంకె పక్కన పీహెచ్, సేంద్రియ పదార్థం, బంకమన్ను శాతం ఉన్నాయో లేదో ముందు చూడాలి. డీటీపీఏ వంటి మృదువైన ద్రావణంతో తీసిన అంకె ఉంటే మొక్కకు అందేది ఎంతో ఒక అంచనా వస్తుంది. కానీ 1978లో లిండ్సే, నార్వెల్ దీన్ని ప్రతిపాదించింది సున్నపు నేలల్లో జింకు, ఇనుము వంటి పోషకాల కొరతను గుర్తించడానికి. బాగా పులిసిన నేలకూ, ఆర్సెనిక్‌కూ దాన్ని వర్తింపజేయడం సరికాదు. క్రోమియం అయితే మూడు వేలెన్సీదా ఆరు వేలెన్సీదా అన్నది వేరుగా చెప్పాలి. మొదటిది దాదాపు కదలదు, రెండోది నీటితో పాటే పరుగెత్తే క్యాన్సర్ కారకం. వరి మడి మట్టిని ఆరబెట్టి పరీక్షిస్తే అది నీటి మడి సంగతి చెప్పదు, కాబట్టి నమూనా ఎప్పుడు, ఏ స్థితిలో తీశారో రాసి ఉండాలి.

పంట బాగుందన్నంత మాత్రాన నేల బాగుందనీ అనుకోలేం. ఇంగ్లండులోనే వోబర్న్ పొలంలో 1942 నుంచి 1961 వరకు మురుగు బురద వేశారు. అది ఆపి ఇరవై ఏళ్లు దాటిన తర్వాత కూడా లోహాల్లో అధికభాగం పైమట్టిలోనే ఉంది. ఆ మట్టిలో తెల్ల క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క మొలిచింది, వేళ్లకు బుడిపెలూ వచ్చాయి. కానీ బుడిపెల్లోని రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థిరీకరించలేకపోయింది. నత్రజని ఎరువు వేస్తే అదే క్లోవర్ మామూలుగా పెరిగింది. మొక్కకు హాని చేయనంత కొద్ది లోహం, మట్టిలోని ఆ సూక్ష్మజీవికి చాలా ఎక్కువైంది.